రెండో రోజు పరీక్ష

మొదటి రోజు గడి నింపడానికి నాకు ఆలోచన అవసరం కాలేదు. ఈ ఆసుపత్రిలో డాక్టర్ల రాతలు చదివి, వాళ్లు చేసిన ప్రతి పనికీ కంప్యూటర్‌లో ఏ రోజు గడిలో ఆ రోజు బిల్లు కోడ్ వేయడం నా ఉద్యోగం. పుట్టిన బిడ్డను డాక్టరు మొదటిసారి నెత్తి నుంచి కాలివేళ్ల దాకా చూసినప్పుడు వేయవలసిన కోడ్ ఒకటి ఉంటుంది. బిడ్డ ఆరోగ్యంగా ఉంటే ఒకటి, జబ్బుతో ఉంటే వేరొకటి, ప్రాణాపాయంలో ఉంటే ఇంకొకటి. ఈ బిడ్డ పుడుతూనే గది అదిరేలా ఏడ్చాడు, డాక్టరు చూసింది, చూసినదంతా రాసింది, ఆ రాత చదివి నేను ఆరోగ్యవంతుడైన శిశువు తొలి పరీక్ష అనే కోడ్ వేశాను. రెండో రోజు గడి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆ గడిలో సన్నని నిలువు గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది, ఊపిరి తీస్తున్నట్టుంది అనుకున్నాను, వెంటనే ఆ పోలిక నాకే నచ్చక చూపు తిప్పుకున్నాను, ఎందుకంటే నిన్న, అంటే రెండో రోజు మధ్యాహ్నం, ఆ బిడ్డ తల్లి పక్కలోనే ఊపిరి లేకుండా కనిపించాడు. ఆ ఉదయం అతణ్ణి డాక్టరు పరీక్షించిందని ఫైలు చెబుతోంది. పై అంతస్తులో ఆసుపత్రి పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని ఈ ఫైలు కోసమే ఎదురుచూస్తున్నారు. ఉదయం పరీక్షలో బిడ్డ బాగానే ఉన్నాడని తేలితే, ఆ తరువాత జరిగినదానికి బిడ్డను పక్కలో వేసుకుని నిద్రపోయిన తల్లి జవాబు చెప్పుకోవాలి. ఆ గడిలో నేను కోడ్ వేస్తే పరీక్ష జరిగినట్టే. వేయకపోతే, ఎందుకు వేయలేదని ఎవరో ఒకరు అడగవలసి వస్తుంది.

మా విభాగాధిపతికి ఈ గదిలో మేము పెట్టుకున్న పేరు తొందర. కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరి వెనక నిలబడి కుర్చీ వీపు మీద వేళ్లతో దరువు వేస్తూ ఉంటాడు, నా వెనక మాత్రం దరువు వేయడు, వయసుకు ఇచ్చే మర్యాదో నా మొహానికి ఇచ్చే మర్యాదో తెలియదు. ఇప్పుడు అతని వేళ్లు గాలిలోనే ఆడుతున్నాయి, కంప్యూటర్ అద్దంలో నీడ కనబడుతోంది.

"ఏమండీ మేడమ్, ఇంకా అదే ఫైలా? పైనుంచి మళ్లీ ఫోనొచ్చింది."

"చదువుతున్నాను."

"చదవడానికేముందండీ అందులో, అదేమన్నా నవలా? మొదటి రోజుకొకటి, రెండో రోజుకొకటి. చిన్నపిల్లలు కూడా వేసేస్తారు."

"అయితే చిన్నపిల్లల్నే పిలిపించుకోండి."

అడ్డుతెర అవతల మేము గలగల అని పిలిచే పిల్ల, నా పక్క కుర్చీలో పనిచేసే అమ్మాయి, నవ్వును దగ్గుగా మార్చుకుంది. తొందర నొచ్చుకోలేదు, నొచ్చుకోవడానికి కూడా సమయం కావాలి కదా. కాస్త గొంతు తగ్గించి, "డాక్టరుగారు మీ మనిషని తెలుసు నాకు. ఇబ్బందిగా ఉంటే పక్కమ్మాయికి ఇచ్చెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు. ఆ మాటలో చెడు లేదు, నిజంగా నా కష్టం చూసే అన్నాడు, అయినా నా చేతుల్లోంచి దేన్నో మెత్తగా లాక్కుంటున్నట్టు అనిపించి ఎలుకను, అంటే కంప్యూటర్ మౌస్‌ను, గట్టిగా పట్టుకున్నాను. అది ఎలుకే అని ఈ గదిలో చేరిన కొత్తలో ఎవరో నవ్వించారు, ఎవరో గుర్తు లేదు, ఆ నవ్వు మాత్రం గుర్తుంది. ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్లారు, ఈ గదికి కిటికీ లేదు, ఉన్న ఒక్క గోడ అద్దంలోంచి నడవా కనిపిస్తుంది, నడవా చివర లిఫ్టు, లిఫ్టు పక్కన బల్ల, ఆ బల్ల మీద ఇవాళ మధ్యాహ్నం ఆ బిడ్డ తల్లి కూర్చుంది.

మంచినీళ్ల సీసా నింపుకోవడానికి వెళ్లినప్పుడు చూశాను. బాలింత అని చూడగానే తెలుస్తుంది, కూర్చోవడంలోనే తెలుస్తుంది, ఒక పక్కకు ఒరిగి, నొప్పికి చోటిచ్చి కూర్చుంటారు. మడిచిన తువ్వాలు ఒకటి రొమ్ముకు అదిమి పట్టుకుంది. పాలు పడుతున్నాయన్నమాట, తాగేవాడు లేడన్న కబురు శరీరానికి ఇంకా చేరలేదు. ఒక పక్క ఆమె తల్లి, ఎదురుగా భర్త, అతను లిఫ్టు మీద మారే అంకెలనే చూస్తున్నాడు, ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకు పోతోందో తనకు తెలియాలన్నట్టు. నీళ్లు నిండేదాకా నేను అక్కడ నిలబడక తప్పలేదు. "అమ్మా, నేను నిజంగా నొక్కేశానంటావా వాణ్ణి?" అంది ఆ పిల్ల. ఏడుపు లేదు గొంతులో, దారి అడుగుతున్నట్టు అడిగింది. "నాకు మెలకువ రాలేదే. నొక్కితే కదిలేవాడు కదా, కదిలితే నాకు తెలిసేది కదా." తల్లి, "ఊరుకో తల్లీ, ఊరుకో" అంది. ఊరుకో అన్నదే గాని లేదు అనలేదు. ఆ లేదు అన్న మాట కోసం ఆ పిల్ల కాసేపు తల్లి మొహంలోకి చూసి, తరువాత భర్త వైపు చూసింది. అతను అంకెలు చూస్తున్నాడు. సీసా నిండి నీళ్లు నా చేతి మీద పొర్లాయి, చల్లగా ఉన్నాయి, మూత ఎక్కడ పెట్టానో కనబడలేదు.

ఆ చల్లదనం ఇంకా మణికట్టు దగ్గర ఉన్నట్టే ఉంది. రెండో రోజు రాత మళ్లీ తెరిచాను. గుండె చప్పుడు సరిగా ఉంది, మాడు మెత్తగా ఉంది, కళ్లలో వెలుగు సరిగా ఉంది, తుంటి కీళ్లు సరిగా ఉన్నాయి, గజ్జల్లో నాడి రెండు వైపులా సమానంగా అందుతోంది, తల్లి ఇంకా కాన్పు గదిలోనే ఉంది. నేను అక్కడే ఆగాను, మొదటిసారి చదివినప్పుడూ అక్కడే ఆగాను. రెండో రోజు ఉదయానికి తల్లి కాన్పు గదిలో లేదు, వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉంది, నర్సులు రాసినదంతా ఆ మంచం గురించే ఉంది. డాక్టర్ల కంప్యూటర్‌లో ఒక మీట ఉంటుంది, నొక్కితే నిన్నటి రాత మొత్తం ఇవాళ్టి తేదీ కిందికి వచ్చి కూర్చుంటుంది, మారినదాన్ని మార్చి మారనిదాన్ని వదిలేయాలి, పనిభారం తగ్గడానికి పెట్టారు. అందరూ వాడతారు. అందులో తప్పు లేదు, నిన్న సరిగా ఉన్న తుంటి ఇవాళా సరిగా ఉంటే మళ్లీ అక్షరం అక్షరం కొట్టడం దేనికి? కాని వాడేవాళ్లు ఒక్క మాటైనా మారుస్తారు, బరువో, పాలు తాగిన సంగతో, చర్మం రంగో. ఈ రాతలో ఒక్క అక్షరమూ మారలేదు. ఎదురుగా మంచం మీద ఉన్న తల్లిని కాన్పు గదిలోనే వదిలేసిన రాత ఇది, ఆ పిల్లను ఒకేసారి రెండు చోట్ల పడుకోబెట్టిన రాత. మామూలుగా అయితే నేను ఏం చేస్తాను? డాక్టరుకు ఒక ప్రశ్న పంపిస్తాను, రెండో రోజు మీరు బిడ్డను పరీక్షించారా, దయచేసి తెలియజేయండి అని, పేరు చూడకుండా పంపిస్తాను. మధ్యాహ్నమే పంపించాను. పేరు చూసే పంపించాను.

ఆ డాక్టరు నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినప్పుడు దానికి పాలపళ్లు ఊడుతున్నాయి, నోట్లో ముందర రెండు పళ్లు లేకుండా నా ఇంటికొచ్చింది, మా ఇంట్లోనే కొత్త పళ్లు వచ్చాయి. నా ప్రశ్న చేరిన కాసేపటికే ఫోను చేసింది. "పెద్దమ్మా, ఆ ఫైలు నీ దగ్గరికే వచ్చిందట కదా" అంది. వచ్చిందన్నాను. "నేను చూశాను పెద్దమ్మా వాణ్ణి. బాగానే ఉన్నాడు. ఆ ఒక్కటీ వేసి పంపించెయ్" అంది. చూశావా, పరీక్షించావా అన్నాను. అవతల కొంచెంసేపు ఎవరి బిడ్డో ఏడుపు వినిపించింది, దాని పక్కన ఏడుస్తున్న బిడ్డ, బతికి ఉన్న బిడ్డ. "ఫోన్లో వద్దు, వస్తాను" అని పెట్టేసింది. వస్తానంటే వస్తుంది, మాట తప్పే పిల్ల కాదు. చిన్నప్పుడు కూడా అంతే, తిట్లు పడతాయని తెలిసీ నడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడేది, చేతులు వెనక్కి పెట్టుకుని. ఆ నిలబడడం నాకు ఎంత ఇష్టమో దానికి ఎప్పుడూ చెప్పలేదు.

నేను హాస్టల్లో ఉండి చదివిన క్రైస్తవ బడిలో హాజరు పిలిచే సన్యాసిని, సిస్టర్ అనేవాళ్లం, అలాగే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది, పుస్తకం చూడకుండా అందరి పేర్లూ పిలిచేది. ఒకనాడు సాయంత్రం ప్రార్థనకు ఒక పిల్ల రాలేదు. ఆమె పేరు పిలిచినప్పుడు పక్కపిల్ల గొంతు మార్చి పలికింది, స్నేహం కొద్దీ, శిక్ష తప్పించడానికి. లెక్క సరిపోయింది, తలుపులు మూశారు, ఎవరూ ఎవరినీ వెతకలేదు. ఆ పిల్ల జ్వరంతో స్నానాల గదిలో తడి నేల మీద పడి ఉందని భోజనాల తరువాత తెలిసింది. బతికింది, కాని చాలా రోజులు మంచం మీద ఉంది. పలికిన పిల్లను సిస్టర్ కొట్టలేదు, తిట్టలేదు. అందరి ముందూ నిలబెట్టి, "నువ్వు లేదని చెప్పినా, ఏమీ చెప్పకుండా ఊరుకున్నా మేము వెతికేవాళ్లం. ఉందని చెప్పావు, అందుకే వెతకలేదు" అంది, అంతే, మళ్లీ కూర్చోమంది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో. నాకు మాత్రం ఆ సాయంత్రం నుంచి ఉంది అన్న మాట పలకాలంటే లేచి వెళ్లి చూసి రావాలనిపిస్తుంది. ఈ ఉద్యోగానికి నన్ను ఎవరు పంపారని ఎవరైనా అడిగితే, ఎవరూ అడగలేదు గాని, ఆ తడి నేల అని చెప్పేదాన్నేమో.

అడ్డుతెర మీదుగా గలగల తల పెట్టింది. "ఆంటీ, ఇటు ఇచ్చేయండి, నేను వేసేస్తాను. మీరు టీ తాగి రండి." చేతికి ఉంగరాలు, గోళ్లకు రంగు, మంచి పిల్ల, వేళ్లు నాకంటే మూడింతలు వేగం. దీనికిస్తే ఎంతసేపు? కన్ను మూసి తెరిచేలోగా. రాత ఉంది, సంతకం ఉంది, కోడ్ వేయడానికి ఇంకేం కావాలి, దాని తప్పు కూడా కాదు. నేను టీ తాగుతూ ఉంటాను, అద్దంలోంచి నడవా చూస్తూ ఉంటాను, ఫైలు పైకి పోతుంది, ఆ పిల్లను లోపలికి పిలుస్తారు, మా డాక్టరుగారు ఉదయమే చూశారమ్మా, అన్నీ సరిగా ఉన్నాయి, నువ్వు ఎలా పడుకోబెట్టుకున్నావో కాస్త చెబుతావా అంటారు, మర్యాదగానే అంటారు, పెద్ద చదువులు చదివిన వాళ్లు, కేకలు వేయరు. ఆమె చెబుతుంది. ఇటు తిరిగి పడుకున్నానండీ అని చేతులతో చూపిస్తుంది కూడా. ఆ తరువాత బతికినన్నాళ్లూ, ఇంకో బిడ్డ పుట్టినా సరే, ఆ చేతుల్ని అలాగే చూసుకుంటూ ఉంటుంది. నా చేతులకు మాత్రం ఏమీ అంటదు. శుభ్రంగా ఉంటాయి. శుభ్రమైన చేతులంటే నాకు ఈ మధ్య భయం పట్టుకుంది. "వద్దమ్మా, నీ పని చూసుకో" అన్నాను. "అబ్బో, మీ ఫైలును మేమేం కొరుక్కుతినం లెండి" అంటూ తల తీసేసింది.

పరీక్ష చేసి ఉంటే బిడ్డ బతికేవాడా? నాకు తెలియదు. అది చెప్పడం నా పని కాదు, నేను డాక్టరును కాను. గజ్జల్లో వేలు పెట్టి చూస్తే నాడి బలహీనంగా ఉందని తెలిసేదేమో, గుండెలో లోపమేమో, తెలిసినా ఆలస్యమయ్యేదేమో, లేక అంతా సరిగానే ఉండి, ఎవరికీ అంతుపట్టకుండానే పోయేవాడేమో. ఇన్ని ఏమోలున్నాయి. ఆ గడిలో కోడ్ పడితే మాత్రం ఒక్క ఏమో కూడా మిగలదు, తల్లి ఒక్కతే మిగులుతుంది.

అన్నట్టే నా చెల్లెలి కూతురు తలుపు తోసుకుని వచ్చింది. మెడలో స్టెతస్కోపు తీయడం మరిచిపోయింది, జుట్టు ఒక పక్క జారింది, నా చెల్లెలికీ ఆ పక్కే జారేది. తొందర దాన్ని చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి నడవాలోకి వెళ్లిపోయాడు. పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది, మోకాళ్లు నా మోకాళ్లకు తగిలేంత దగ్గరగా.

"తిన్నావా?" అన్నాను. ఎందుకన్నానో.

"లేదు." "తలుపు దగ్గర నుంచి చూశాను పెద్దమ్మా."

ఎలుక మీంచి చెయ్యి తీశాను.

"ముందు రోజంతా నొప్పులు పడింది ఆ అమ్మాయి. రాత్రి వాడు పడుకోనివ్వలేదట. నేను వెళ్లేసరికి అప్పుడే ఇద్దరికీ కన్నంటింది. వాడు పొత్తిళ్లలో ఉన్నాడు, మొహం కనిపిస్తోంది, గులాబీ రంగులో ఉన్నాడు. ఊపిరి తెలుస్తోంది. విప్పితే ఏడుస్తాడు, ఆమె లేస్తుంది. కాసేపాగి వద్దామనుకున్నాను. రాత పూర్తి చేసేసి ఉంచితే తరువాత వచ్చి చూసుకోవచ్చులే అనుకున్నాను. ఇంతలో కింద కాన్పు. దాని వెనక ఇంకోటి." నోరు తుడుచుకుంది. "తలుపు దగ్గర నుంచి చూశాను. అది కూడా చూడడమే కదా."

"దానికి కోడ్ లేదే."

"తెలుసు."

"నా పుస్తకాల్లో వెతికాను. తలుపు దగ్గర నిలబడి చూసినందుకు ఎక్కడా లేదు."

"నువ్వైతే లేపేదానివి" అంది. నిష్ఠూరం అది, నాకు అర్థమైంది, తెల్లవారక ముందే దుప్పటి లాగేసి చదువుకు కూర్చోబెట్టిన పెద్దమ్మ మీద నిష్ఠూరం. ఇంకాస్త పడుకోనీ పెద్దమ్మా అని కళ్లు మూసుకునే నడిచేది, పళ్లపొడి అరచేతిలో వేస్తే అలాగే నిలబడి కునికేది. నిద్రపోయేవాళ్లను లేపడమంటే ఎంత కష్టమో దానికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆ దయ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆ దయను నేను తప్పు అనలేను. అది కూడా తీసుకెళ్లి కోడ్‌లో పెట్టమంటే మాత్రం పెట్టలేను.

"లేపేదాన్ని" అన్నాను. "లేపి, తిట్లు తినేదాన్ని."

నవ్వబోయింది, నవ్వు సగంలో విరిగింది. "రాస్తే నా ఉద్యోగం పోవచ్చు."

"పోవచ్చు."

"అంతేనా? ఇంకేమీ అనవా?"

"ఏమనమంటావు? పోదని అననా? ఆ పిల్ల లిఫ్టు దగ్గర కూర్చుంది, నేను నొక్కేశానా అని వాళ్లమ్మను అడుగుతోంది. నువ్వు వచ్చేటప్పుడు ఎటు నుంచి వచ్చావు?"

"మెట్ల మీద నుంచి" అంది చాలా చిన్నగా.

నేను కుర్చీలోంచి లేచాను. నా స్థానంలో కూర్చోమన్నాను. నా పేరుతో ఉన్న తెర మూసి, డాక్టర్ల తెర తెరిచి ఇచ్చాను, దాని పేరు, దాని రహస్య సంకేతం అది కొట్టుకుంది. ఒకసారి సంతకం పడిన రాతను చెరపడానికి వీలుండదు, కింద తేదీతో కొత్త వాక్యం చేర్చవచ్చు, అంతే. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, పరీక్షలో పిల్లల కాగితంలోకి చూడకూడదని సిస్టర్లు నేర్పిన నిలబడడం. మీటల చప్పుడు, ఆగడం, మళ్లీ చప్పుడు. వేడి గాలి పడుతోంది కంప్యూటర్ వెనక నుంచి, నా కాళ్లు నొప్పి పుడుతున్నాయి, ఈ పిల్లకు మొదటి అక్షరాలు దిద్దించినప్పుడు పలక ఎంత గట్టిగా పట్టుకునేదో, బలపం విరిగేది.

"చూడు" అంది.

వంగి చదివాను. 'తల్లి గాఢ నిద్రలో ఉన్నందువల్ల రెండో రోజు ఉదయం శిశువును పరీక్షించలేదు. పై రాత మొదటి రోజుది.' నిజమే అంతా. ఒక్క అబద్ధం లేదు. అయినా నాకు ఒళ్లు మండింది, దాని మీద కాదు, ఇంత నిజంలోకి కూడా ఆ పిల్లను లాక్కొచ్చి ముందు వరసలో నిలబెట్టే ఈ అలవాటు మీద. తల్లి గాఢ నిద్రలో. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లకు కావలసినదల్లా ఆ మూడు మాటలే, మిగిలిన వాక్యం వాళ్లు చదవను కూడా చదవరు.

"ఆమె నిద్ర నీకెందుకు ఇక్కడ?" అన్నాను. "నిద్రపోయింది ఆమె. వెళ్లిపోయింది నువ్వు. నువ్వు చేసింది రాయి."

స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టింది. మొదటి వాక్యం మొత్తం కొట్టేసి, నెమ్మదిగా, ఒక్కో అక్షరమే, చిన్నప్పుడు పలక మీద రాసినట్టే రాసింది. 'రెండో రోజు ఉదయం నేను శిశువును ముట్టుకోలేదు. పై రాత మొదటి రోజుది.' సంతకం చేసింది. తరువాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, వాటిని చూస్తూ ఉండిపోయింది, అప్పుడు మొదటిసారి ఏడ్చింది, శబ్దం లేకుండా. నేను భుజం మీద చెయ్యి వేయలేదు. వేయాలని ఉంది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను, ఆ చెక్క వెచ్చగా ఉంది, అప్పటిదాకా నేను కూర్చున్న వెచ్చదనం అది. "సాయంత్రం ఇంటికి రా, ఏదో ఒకటి వండుతాను" అన్నాను. తల ఊపింది.

నా తెర తిరిగి తెరిచాను, నిలబడే, దాని తల మీదుగా వంగి. రెండో రోజు గడిని ఖాళీగా ఉంచి ముందుకు నొక్కాను. ఎర్రటి అక్షరాలు వచ్చాయి, ఒక రోజు కోడ్ లేకుండా ఉంది, పొరపాటా అని. కాదు అని నొక్కాను. కారణం అడిగింది. పరీక్ష జరగలేదు అని నొక్కాను. ఇంతకాలం పనిచేసి ఆ కారణాన్ని నేను నొక్కడం ఇదే మొదలు, అది అక్కడ ఉందని తెలుసు, ఎప్పుడూ అవసరం రాలేదు. ఫైలు పైకి వెళ్లిపోయింది. అద్దం అవతల తొందర చేతిలోని ఫోను వెలిగింది, అతను చదివాడు, మా వైపు చూశాడు, ఎన్నడూ లేనిది గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

బల్ల మీది ఫోను మోగింది. ఆ ఫోను ఎప్పుడూ నేనే ఎత్తుతాను, అలవాటు కొద్దీ చెయ్యి చాచాను, అప్పటికే అది ఎత్తేసింది. అవతలి గొంతు గరగరలాడుతూ చాలాసేపు మాట్లాడింది, మాటలు నాకు తెలియలేదు. అది కళ్లు తుడుచుకోలేదు.

"అవునండీ, నేను రాసిందే" అంది చివరకు. గొంతు మామూలుగానే ఉంది. "పెద్దమ్మ కాదండీ, నేనే రాశాను. ముందు ఆ అమ్మాయిని ఇంటికి పంపించెయ్యండి. నేను వస్తున్నాను."